తుపాకీ ముందు పిడికిలి: కౌబాయ్ కథలోకి కుంగ్‌ఫూ కామెడీ ఎలా వచ్చింది?

పడమటి అమెరికాలో ఒక చిన్న ఊరి జైలు. ఊచల వెనక ఇద్దరున్నారు. ఒకడు రైళ్ళు దోచుకునే అమెరికన్, మాటకారి. రెండోవాడు చైనా రాజభవనం నుంచి వచ్చిన కాపలా భటుడు, మాట తక్కువ. భటుడు చొక్కా విప్పుతాడు. తడపడానికి నీళ్ళు లేవు కాబట్టి మూత్రంతోనే తడుపుతాడు. దాన్ని రెండు ఊచల చుట్టూ చుట్టి మెలిపెడతాడు. తడిసిన బట్ట చిరగదు, ఇనుమే వంగుతుంది.

2000లో వచ్చిన ‘షాంఘై నూన్’లోది ఈ సన్నివేశం. భటుడు జాకీ చాన్, దొంగ ఓవెన్ విల్సన్. జైలు తప్పించుకోవడం కౌబాయ్ సినిమాల్లో కొన్ని వందల సార్లు చూసిందే. మామూలుగా అక్కడ గుర్రానికి తాడు కట్టి ఊచలు పీకిస్తారు, లేదా మందుగుండు పెట్టి గోడ పేలుస్తారు. ఇక్కడ మాత్రం ఒక తడిబట్టతో పనైపోతుంది. చోటు కౌబాయ్‌ది, ఉపాయం కుంగ్‌ఫూ సినిమాది. ఈ రెండూ కలిసిన చోటే నవ్వు పుడుతోంది.

ఇలాంటి సినిమాల గురించి మాట వస్తే వాదన చాలాసార్లు ఒకే చోట ఆగిపోతుంది. కాపీ అని ఒకరు, వెక్కిరింపు అని ఒకరు, జాకీ చాన్‌కి టోపీ పెట్టి గుర్రం ఎక్కించారు, అంతకుమించి ఏమీ లేదని ఇంకొకరు అంటారు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూస్తే, ఇది అతికించి చేసిన పని కాదని తెలుస్తుంది.

ముందు రెండు మాటలకి అర్థం చూద్దాం

మనం ‘కౌబాయ్ సినిమా’ అనేదాన్ని అమెరికాలో ‘వెస్టర్న్’ అంటారు, అంటే పడమటి సీమ కథ. అక్కడి అంతర్యుద్ధం 1865లో ముగిసింది. ఆ తర్వాత పాతికేళ్ళ కాలమే ఈ కథలకి పెట్టుబడి. జనం పడమరకి వలస పోతున్నారు, రైలు పట్టాలు పడుతున్నాయి, అక్కడున్న తెగల భూమి లాక్కుంటున్నారు, చట్టం మాత్రం ఇంకా పూర్తిగా చేరలేదు. కోర్టు ఎక్కడో ఉంటే తుపాకీ నడుముకే ఉంటుంది. కాబట్టి న్యాయం ఎవరు చెప్పాలి అన్నదే ఈ కథలన్నిటికీ మూలప్రశ్న. షెరీఫ్ (ఆ ప్రాంతపు పోలీసు అధికారి), దొంగల ముఠా, సారా తాగే సెలూన్ (మన క్షవరం సెలూన్ కాదు), ఉరికంబం, నడివీధిలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడడం, అన్నీ ఆ ప్రశ్న చుట్టూ పుట్టినవే. కౌబాయ్ అంటే అసలు పశువుల కాపరి. ఈ సినిమాల్లో చాలావాటిలో పశువుల మంద కనపడదు, అయినా మన దగ్గర ఆ పేరే స్థిరపడింది.

కుంగ్‌ఫూ కామెడీ ఇంకోచోట పుట్టింది. 1973లో బ్రూస్ లీ చనిపోయేనాటికి హాంకాంగ్‌లో ఫైట్ సినిమా అంటే పగ, కోపం, ముఖంలో నవ్వు లేని హీరో. 1978లో యువెన్ వో పింగ్ దర్శకత్వంలో జాకీ చాన్ వరసగా రెండు సినిమాలు చేశాడు. రెండో దాని పేరు ‘డ్రంకెన్ మాస్టర్’. అందులో హీరో అల్లరివాడు, సోమరి. దెబ్బలు తింటాడు, పారిపోతాడు, గురువు చేతిలో అష్టకష్టాలు పడతాడు. అక్కడినుంచి ఆ రకం సినిమాలకి దారి తెరుచుకుంది.

ఆ మార్పు ఊరికే రాలేదు. జాకీ చాన్, సామో హుంగ్, యువెన్ బియావ్ ముగ్గురూ చిన్నప్పుడు యూ జిమ్ యువెన్ అనే గురువు నడిపిన పెకింగ్ ఒపెరా (చైనా సంప్రదాయ నాటకం) బడిలో కలిసి పెరిగినవాళ్ళు. ఆ నాటకంలో పాట, అభినయం, పల్టీలు, కత్తియుద్ధం, విదూషకుడి వేషం అన్నీ ఒకే నటుడికి నేర్పుతారు. దెబ్బ కొట్టడం, నవ్వించడం వాళ్ళకి రెండు విద్యలు కావు. దానికి తోడు జాకీ చాన్ అమెరికా మూకీ సినిమాల్లోని బస్టర్ కీటన్‌నీ, హెరాల్డ్ లాయిడ్‌నీ శ్రద్ధగా చూశాడు. 1923లో లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడాడు. 1983లో ‘ప్రాజెక్ట్ ఏ’లో జాకీ చాన్ గడియారం గోపురం నుంచి వేలాడి కింద పడ్డాడు. మధ్యలో ఉన్నది సరిగ్గా అరవై ఏళ్ళు.

తుపాకీ ఉన్నచోట తన్నుకునేదెలా?

రెండిటినీ కలపాలంటే మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. తుపాకీ దూరం నుంచి చంపుతుంది. పిడికిలికి మనిషి చేతికందాలి. కుంగ్‌ఫూ వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా, ముప్పై అడుగుల అవతల రివాల్వర్ పట్టుకున్న మామూలు మనిషి ముందు సినిమా అర నిమిషంలో అయిపోవాలి. ఈ కలయికలో తీసిన ప్రతి సినిమా ఈ లెక్కకి ఏదో ఒక సమాధానం వెతుక్కోవాల్సిందే. నా దృష్టిలో ఆ సమాధానం ఎంత బాగుంటే సినిమా అంత బాగుంటుంది.

‘షాంఘై నూన్’ దీనికి ఎన్ని దారులు పట్టిందో చూడండి. మొదటిది, తుపాకీ ఉన్నవాడికి గురి లేకుండా చేయడం. ఓవెన్ విల్సన్ వేసిన రాయ్ ఓబానన్‌కి దొంగగా పేరు తెచ్చుకోవాలన్న మోజు ఎక్కువ, కాల్చడంలో పనితనం తక్కువ. రెండోది, తగాదాని తుపాకీ పనికిరాని చోటికి మార్చడం. జనంతో కిక్కిరిసిన సెలూన్‌లో ముష్టియుద్ధం మొదలైతే ఎవరికి తగులుతుందో తెలియదు కాబట్టి కాల్పులు కుదరవు. అడవిలో క్రో తెగవాళ్ళతో జరిగే పోరులో జాకీ చాన్ చెట్లెక్కి, కొమ్మలు వంచి వదులుతూ తప్పించుకుంటాడు. చివరి పోరు చర్చి గంటల గోపురంలో, దూలాల మధ్య. అక్కడ ఎదుటివాడూ చైనావాడే, అదే విద్య తెలిసినవాడే.

మూడో దారి అన్నిటికన్నా తెలివైనది. కౌబాయ్ ప్రపంచంలోని వస్తువునే కుంగ్‌ఫూ ఆయుధంగా మార్చడం. చైనా యుద్ధవిద్యలో తాడు చివర ఇనప మొన కట్టి విసిరే ఆయుధం ఒకటుంది. మెడ చుట్టూ, మోచేతి చుట్టూ తాడుని తిప్పి, ఏ క్షణంలో ఎటు వదులుతున్నారో ఎదుటివాడికి తెలియకుండా వదలాలి. ఏళ్ళ తరబడి సాధన చేస్తే గాని రాదు, పొరపాటు జరిగితే తనకే తగులుతుంది. సినిమాలో జాకీ చాన్ చేతికి ఒక తాడు, ఒక గుర్రపు లాడం దొరుకుతాయి. లాడాన్ని తాడు చివర కడతాడు, అంతే. కౌబాయ్ దగ్గర ఎప్పుడూ ఉండే తాడు, గుర్రం కాలికి ఉండే ఇనుము కలిసి చైనా యుద్ధవిద్య ఆయుధం అయిపోతాయి. ఆ ఒక్క వస్తువుని చూస్తే చాలు, ఈ రకం సినిమా అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఈ చిక్కుకి ఇంకో పొర ఉంది, కాలం. కౌబాయ్ సినిమాలో అసలు ఘట్టం ఎదురుచూపు. ‘షాంఘై నూన్’ అన్న పేరే 1952 నాటి ‘హై నూన్’ మీద కట్టింది. అందులో మధ్యాహ్నం పన్నెండు గంటల రైలులో పగవాడు వస్తున్నాడని మార్షల్‌కి, అంటే ఊరి పోలీసు అధికారికి, తెలుస్తుంది. సినిమా అంతా గడియారం చూస్తూ నడుస్తుంది, కాల్పులు చివరి కాసేపే. సెర్జియో లియోనె తీసిన ఇటలీ కౌబాయ్ సినిమాల్లో కళ్ళు, వేళ్ళు, మళ్ళీ కళ్ళు చూపిస్తూ నిమిషాలు గడుపుతారు, తూటా మాత్రం ఒక్క క్షణం. కుంగ్‌ఫూ దీనికి తలకిందులు. అక్కడ ఎదురుచూపు తక్కువ, ఘర్షణ ఎక్కువ. కెమెరా కాస్త దూరంగా నిలబడి తల నుంచి పాదం దాకా మనిషిని చూపించాలి, లేకపోతే విద్య కనపడదు.

ఒకదాని లయకి రెండోది అడ్డం పడినప్పుడు నవ్వొస్తుంది. ‘షాంఘై నూన్’ చివర రెండు పోరాటాలు పక్కపక్కనే నడుస్తాయి. గోపురంలో కుంగ్‌ఫూ పద్ధతిలో ఎడతెగని పోరు. కింద చర్చిలో రాయ్, అతని వెంటపడ్డ మార్షల్ కౌబాయ్ పద్ధతిలో ఎదురెదురుగా నిలబడతారు. సినిమా అంతా మనకి గొప్ప గురిగాడిగా కనిపించిన మార్షల్ తూటాలు ఒక్కటీ తగలవు, గురి లేని రాయ్ ఒక్క దెబ్బకి కొడతాడు. ఇది కౌబాయ్ సినిమా నియమాన్ని తెలిసి తిప్పేయడం. నియమం తెలియని ప్రేక్షకుడికి అది అదృష్టంలా కనిపిస్తుంది, తెలిసినవాడికి రెండింతలు నవ్వొస్తుంది.

పేర్లలోనూ ఇదే పని చేశారు. జాకీ చాన్ పాత్ర పేరు చోన్ వాంగ్. రాయ్ చెవికి అది ‘జాన్ వేన్’ అని వినిపిస్తుంది, కౌబాయ్‌కి ఇదేం పేరని తీసిపారేస్తాడు. జాన్ వేన్ హాలీవుడ్ కౌబాయ్‌లందరికీ పెద్దదిక్కు లాంటి నటుడు. మార్షల్ పేరు వాన్ క్లీఫ్, అది లియోనె సినిమాల్లో విలన్‌గా పేరు తెచ్చుకున్న లీ వాన్ క్లీఫ్‌ని తలపిస్తుంది. ఆఖర్న రాయ్ తన అసలు పేరు వయట్ ఎర్ప్ అని బయటపెడతాడు, నిజంగా బతికిన పోలీసు అధికారుల్లో అమెరికా కథలుగా చెప్పుకునే పేరది. ఈసారి పేరు బాగాలేదనేది చోన్ వాంగ్.

ఎవరు ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నారు

‘కాపీ’ అన్న మాట దగ్గరికి వద్దాం. హాలీవుడ్ దగ్గర ఆసియా తీసుకుంది అని ఒక్క గీత గీస్తే సరిపోదు, గీత చుట్టూ తిరిగి వస్తుంది.

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ తీసిన కౌబాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాడు. ఆయన 1954లో తీసిన ‘సెవెన్ సమురాయ్’ని హాలీవుడ్ 1960లో ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’గా, అంటే కౌబాయ్ సినిమాగా, మళ్ళీ తీసింది. ఆయనదే 1961 నాటి ‘యోజింబో’ని ఇటలీలో లియోనె 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’గా తీశాడు, అయితే అనుమతి అడగలేదు. వ్యవహారం చట్టం దాకా వెళ్ళింది. చివరికి ప్రపంచ వసూళ్ళలో 15 శాతం, జపాన్, తైవాన్, దక్షిణ కొరియా పంపిణీ హక్కులు జపాన్ వాళ్ళకి ఇచ్చి రాజీ చేసుకున్నారు. అమెరికాలో ఆ సినిమా 1967 దాకా విడుదల కాలేదు.

ఆ ఇటలీ సినిమాలు ప్రపంచమంతా ఆడాయి, తెలుగునాటా వాటి వేడి తగిలింది. 1971లో కృష్ణ హీరోగా, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో, ఆరుద్ర కథతో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ని భారతదేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా చెప్పుకుంటాం. ఎడారి కోసం రాజస్థాన్ వెళ్ళి తీశారు. దాని మీద లియోనె ప్రభావం దాచేది కాదు. మరి లియోనె వెనక కురొసావా, కురొసావా వెనక జాన్ ఫోర్డ్ ఉన్నారు. అందువల్ల అప్పు మొదట ఎవరిదో తేల్చడం కన్నా, తీసుకున్నవాడు దానితో ఏం చేశాడన్నది అడగడమే ఉపయోగం.

ఇటలీవాళ్ళే ఇంకో అడుగు ముందుకేశారు. 1974లో హాంకాంగ్‌కి చెందిన షా బ్రదర్స్ నిర్మాణ సంస్థతో కలిసి ఆంటోనియో మార్గెరిటి ‘ది స్ట్రేంజర్ అండ్ ది గన్‌ఫైటర్’ తీశాడు. అమెరికన్ తుపాకీవాడిగా అదే లీ వాన్ క్లీఫ్, చైనా వీరుడిగా లో లియె. తుపాకీ ఒకడిది, పిడికిలి ఒకడిది, ఇద్దరికీ పొత్తు కుదరదు, అయినా కలిసి నడవాలి. పాతికేళ్ళ తర్వాత జాకీ చాన్, ఓవెన్ విల్సన్‌లకి పనికొచ్చిన అమరిక ఇదే. కథ నిధి కోసం వెతుకులాట, హాస్యం మోటు. ఈ రోజు కూర్చుని చూస్తే అందులో ఆడవాళ్ళని వాడుకున్న తీరు ఇబ్బంది పెడుతుంది.

హాంకాంగ్ తనే కట్టుకున్న కౌబాయ్ ఊరు

1986లో సామో హుంగ్ తీసిన ‘మిలియనీర్స్ ఎక్స్‌ప్రెస్’ అమెరికాకి వెళ్ళనే లేదు. చైనాలోనే ఒక మారుమూల ఊరు, దుమ్ము వీధి, చెక్క బాల్కనీలు, స్టేషన్‌కి దూరంగా పట్టాలు. ఊరికి డబ్బు లేదు. షాంఘై ధనవంతులతో నిండిన రైలు ఆ దారిన ఆగకుండా వెళ్ళిపోతుంది. హీరో ఆలోచన ఏమిటంటే, పట్టాలు పేల్చి రైలు ఆపితే, దిగిన ధనవంతులు ఊళ్ళో డబ్బు ఖర్చుపెడతారు. రైలు దోపిడీ అనే కౌబాయ్ ఘట్టాన్ని ఒక ఊరి బతుకుతెరువుగా మార్చడం ఎంత చక్కని ఊహో చూడండి. దోచుకోవడానికి కాదు, బేరం కోసం రైలు ఆపడం.

తుపాకీ లెక్కకి సామో హుంగ్ సమాధానం వేరు. తుపాకీలుంటాయి, దొంగలు గుర్రాలెక్కి వస్తారు, కానీ చివరి పోరుని ఊరంతా పరిచి జంటలు జంటలుగా విడగొట్టేస్తాడు. ఇక్కడ సామో, అక్కడ యువెన్ బియావ్, ఇంకో మూల అమెరికా నుంచి వచ్చిన సింథియా రాత్‌రాక్. కాలుతున్న మేడ మీది నుంచి యువెన్ బియావ్ దూకి, నేల మీద పడి, లేచి నిలబడి మాట్లాడడం ఒకే షాట్‌లో ఉంటుంది. నేను దాన్ని ఆపి ఆపి ఎన్నోసార్లు చూశాను. మధ్యలో కట్ లేదు. కౌబాయ్ సినిమాలో డూపులు చేసే పనినే ఇక్కడ నటుడు ముఖం చూపిస్తూ చేస్తాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం హాంకాంగ్ ఎవరి దగ్గరా అప్పు చేయలేదు.

పదకొండేళ్ళ తర్వాత, 1997లో, అదే సామో హుంగ్ జెట్ లీని తీసుకుని టెక్సాస్‌లో ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా అండ్ అమెరికా’ తీశాడు. చైనా జానపదవీరుడు వాంగ్ ఫే హుంగ్ తలకి దెబ్బ తగిలి, తనెవరో మరిచిపోయి అమెరికా ఆదివాసుల మధ్య బతుకుతాడు. నవ్వు కన్నా అందులో ప్రవాసి బెంగ ఎక్కువ.

పట్టాలు వేసినవాళ్ళకి న్యాయం జరిగిందా, లేదా?

అసలు వాదన ఇక్కడుంది. ‘షాంఘై నూన్’ని మెచ్చుకునేవాళ్ళు చెప్పే మొదటి మాట చరిత్ర గురించి. 1869 మే 10న యూటాలో తూర్పు పడమర పట్టాలు కలిశాయి. పడమటి వైపు నుంచి పట్టాలు వేసిన సెంట్రల్ పసిఫిక్ కంపెనీ కూలీల్లో అత్యధికులు చైనావాళ్ళే, పదివేల నుంచి ఇరవై వేల దాకా అని చరిత్రకారుల అంచనా. సియెరా నెవాడా కొండల్ని తొలిచి సొరంగాలు చేసింది వాళ్ళే. పట్టాలు కలిసిన రోజు తీసిన ప్రసిద్ధ ఫొటోలో మాత్రం వాళ్ళు దాదాపుగా కనపడరు. తర్వాత వచ్చిన కౌబాయ్ సినిమాల్లోనూ వాళ్ళు బట్టలుతికేవాడుగానో వంటవాడుగానో మూలన నిలబడ్డారు. అలాంటి ప్రపంచం మధ్యలోకి ఒక చైనా మనిషిని హీరోగా తెచ్చి, గుర్రమెక్కించి, షెరీఫ్ బిళ్ళ పెట్టడం చిన్న విషయం కాదంటారు. కథలోనూ కూలీల శిబిరం ఉంది. చోన్ వాంగ్ అమెరికా వచ్చింది చైనా రాకుమారిని (లూసీ లియు) తిరిగి తీసుకెళ్ళడానికి; అక్కడి మనుషుల్ని చూశాకే ఆమె మనసు మారుతుంది.

ఒప్పుకోనివాళ్ళ మాటలోనూ బలముంది. ఆ కూలీలు కథకి వెనక తెరలాగే మిగిలిపోయారు, ఒక్కరికైనా సొంత కథ లేదు. వాళ్ళని పీడించేవాడు కూడా చైనావాడే కావడంతో, కూలిలో వివక్ష చూపించిన కంపెనీ కథలోంచి తప్పించుకుంది. ఆదివాసుల సంగతి ఇంకా బాధ. సూ తెగ అమ్మాయితో చోన్ వాంగ్ పెళ్ళి మత్తులో జరిగిపోయిన తమాషాలా చూపించారు. ఆమె పేరు ఫాలింగ్ లీవ్స్. ఆపదలో వచ్చి ఆదుకుంటుంది గాని, ఆమె ఏమనుకుంటోందో సినిమా అడగదు. చైనావాడిని మూలనుంచి మధ్యకి తెచ్చిన సినిమా, ఆ మూలన ఇంకొకరిని నిలబెట్టిందన్నమాట.

ఫైట్ల మీద ఇంకో అభ్యంతరం ఉంది. హాంకాంగ్‌లో జాకీ చాన్ ఒక ఫైట్ కోసం వారాల తరబడి కూర్చునేవాడు, హాలీవుడ్‌లో బడ్జెట్, బీమా, షెడ్యూల్ అన్నీ చేతులు కట్టేశాయని ఆయన అభిమానుల బాధ. నిజమే, 1980ల జాకీతో పోలిస్తే ఇక్కడి పోరాటాలు చిన్నవి. కానీ ఈ సినిమాలో బరువంతా ఫైట్ల మీదే లేదు. ఎడారిలో రాయ్‌ని వాడి ముఠావాళ్ళే మెడ దాకా ఇసుకలో పాతేసి పోతారు. అటు వచ్చిన చోన్ వాంగ్ దారి కనుక్కుని, వాడి నోట్లో రెండు చాప్‌స్టిక్స్ పెట్టి, తవ్వుకొమ్మని వెళ్ళిపోతాడు. దెబ్బ లేదు, పల్టీ లేదు, తుపాకీ లేదు. మూకీ సినిమా పద్ధతి నవ్వు అది, కీటన్ చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

1881 అని ఎందుకు పెట్టారు?

నేను ఈ సినిమా గురించి ఎక్కువగా ఆలోచించేది కథ జరిగిన సంవత్సరం గురించి. 1881. రచయితలు ఏ లెక్కతో పెట్టారో గాని, ఆ అంకె పక్కన చరిత్ర ఊరుకోలేదు.

కథలో విలన్ పేరు ‘లో ఫాంగ్’. వాడు చోన్ వాంగ్ జడ కోసేస్తాడు. మనకి అది జుట్టు, అంతే అనిపించొచ్చు. ఆనాటి చింగ్ రాజుల పాలనలో ప్రతి మగవాడూ తల ముందుభాగం గొరిగించుకుని వెనక జడ వేసుకుని తీరాలి. అది లేకపోతే రాజద్రోహం. జడ పోయినవాడు ఇక ఇంటికి వెళ్ళలేడు. నవ్వుల మధ్యలో ఒక్కసారిగా ఆ గది మూగబోతుంది, జాకీ చాన్ ముఖంలో ఆ కాసేపు హాస్యగాడు కనపడడు. అక్కడినుంచి అతను అమెరికాలో ఉండిపోవడానికి సిద్ధపడతాడు, చివర్లో రాయ్‌తో పాటు షెరీఫ్ అవుతాడు.

మరుసటి ఏడు, 1882 మే నెలలో, అమెరికా చైనావాళ్ళ మీద నిషేధ చట్టం తెచ్చింది. చైనా కూలీలెవరూ పదేళ్ళ దాకా దేశంలో అడుగు పెట్టకూడదు, అప్పటికే ఉన్నవాళ్ళకి పౌరసత్వం ఇవ్వకూడదు. పదేళ్ళన్నది పొడిగిస్తూ పోయారు. చట్టం రద్దయింది 1943లో.